లేఅవుట్ కింద పూడిపోయిన కలుజు కాలువ: వానలకు ముందే ఏం చేయాలి?

ప్రశ్న: మాది నెల్లూరు పక్కన పల్లె. మా చెరువు కలుజు (అలుగు) నుంచి వాగులోకి పోయే కాలువను మొన్న వేసవిలో లేఅవుట్ వాళ్లు గ్రావెల్ తోలి పూడ్చి, రోడ్డు వేశారు. అడిగితే ‘ఇది మా పట్టా, ఇక్కడ కాలువే లేదు’ అంటున్నారు. వానలొస్తే నీళ్లన్నీ మా చేల మీద పడతాయని టెన్షన్‌గా ఉంది. పైగా మా తమ్ముడు అందులోనే 60 అంకణాల ప్లాటుకు అడ్వాన్స్ ఇచ్చాడు. కోర్టుకు పోవాలా? – ఒక రైతు, నెల్లూరు రూరల్

జవాబు: కోర్టు సంగతి తర్వాత చూద్దాం. కాలువ రికార్డులో ఉందో లేదో ముందు తేల్చుకోండి. తహసీల్దారు ఆఫీసులో ఆ సర్వే నంబర్ల ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం), ఆర్‌ఎస్‌ఆర్ (ఏ నంబరు ఏ రకం భూమో చెప్పే పాత రిజిస్టర్) నకళ్లు తీసుకోండి. నాన్చితే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆర్‌ఎస్‌ఆర్‌లో ఆ నంబరుకు ఎదురుగా కాలువ పోరంబోకు అనో, వాగు పోరంబోకు అనో ఉంటే సగం పని అయినట్టే. ఎఫ్‌ఎంబీలో కాలువ రెండు గీతల మధ్య కనిపిస్తుంది. పాత పటాల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి. లింకంటే 7.92 అంగుళాలు, కాబట్టి 20 లింకులని ఉంటే 13 అడుగుల పైచిలుకు కాలువ. మీ ఊళ్లో రీసర్వే అయిపోయి ఉంటే కొత్త ఎల్‌పీఎం (రీసర్వేలో ఇచ్చే భూమి పటం) ఒక్కటే చూసి ఊరుకోవద్దు. పాత ఎఫ్‌ఎంబీ పక్కన పెట్టి చూస్తే కాలువ సన్నబడిందా, పక్క పట్టాలో కలిసిపోయిందా అన్నది తెలిసిపోతుంది.

మీ చేను కాలువను ఆనుకుని ఉంటే మీ హద్దుల కోసమే సర్వేకు దరఖాస్తు పెట్టండి. మీ గట్టు తేలితే కాలువ అంచు కూడా తేలుతుంది.

పోరంబోకే అయితే 1905 నాటి భూ ఆక్రమణల చట్టం కింద నోటీసిచ్చి తొలగించాల్సిన బాధ్యత రెవెన్యూ వాళ్లది. ఆక్రమణ పాతబడిందనో, దాని మీద చాలా ఖర్చు పెట్టామనో చెబితే చెల్లదని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అదీ ఊరి చెరువు తగాదాయే. మీ అర్జీలో ఆ తీర్పు పేరు రాయండి.

అయితే ఈ దారిలో నెలలు పట్టొచ్చు. మీకున్న వ్యవధి అక్టోబరు దాకానే. నన్నడిగితే ఆర్డీవో దగ్గర బీఎన్‌ఎస్‌ఎస్ (సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం) సెక్షన్ 152 కింద పిటిషన్ వేయండి. ప్రజలు వాడుకునే కాలువకు అడ్డం పెడితే తీసేయమని ఆదేశించే అధికారం ఆయనకుంది. పాత సీఆర్‌పీసీలో ఇది 133. ప్రమాదం ముంచుకొస్తుంటే విచారణ తేలేలోపే సెక్షన్ 161 కింద తాత్కాలిక ఉత్తర్వు కూడా ఇవ్వొచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. అవతలివాళ్లు ‘కాలువే లేదు’ అని నమ్మదగిన సాక్ష్యంతో వాదిస్తే, ఆ హక్కు సివిల్ కోర్టులో తేలేదాకా ఆర్డీవో ఆగిపోవాలి. సెక్షన్ 156 చెప్పేది అదే. వాళ్లు ఇప్పటి నుంచే ఆ మాట అంటున్నారంటే ఊరికే అనడం లేదు. అందుకే నకళ్లు చేతికి రాకుండా పిటిషన్ వేయొద్దంటున్నాను. వాటితోపాటు తేదీలున్న ఫొటోలు, నీటి సంఘం తీర్మానం, చివరి ఆయకట్టు రైతుల సంతకాలు జతచేయండి.

ఒకవేళ అది నిజంగానే పట్టా అని తేలినా మీ హక్కు పోదు. సహజంగా పారే నీటిని కింది భూమివాడు అడ్డుకుని పైవాళ్ల చేలు ముంచడానికి వీల్లేదు. 20 ఏళ్లకు పైగా అడ్డులేకుండా నీళ్లు పారుతున్న దారికి 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం రక్షణ ఇస్తుంది. అప్పుడు రైతులంతా కలిసి సివిల్ దావా వేసి మధ్యంతర ఉత్తర్వు అడగాలి. చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కూ వెళ్లొచ్చు గానీ, అక్కడ ఆరు నెలల గడువుంది. వేసవిలో పూడ్చారంటున్నారు కాబట్టి తేదీ చూసుకోండి.

లేఅవుట్‌కు అనుమతి ఉందేమో నుడాను (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థను) అడిగి, ప్లాన్ నకలు తీసుకోండి. ప్లాన్‌లో కాలువ చూపించి నేల మీద పూడ్చితే అది ఉల్లంఘన. అసలు చూపించకపోతే తప్పుడు సమాచారంతో అనుమతి తెచ్చుకున్నట్టు, రద్దు చేయమని అడగొచ్చు. ఇది బయటపడ్డాక వాళ్లే రాజీకి వస్తారు. ‘రెండు పైపులు వేస్తాం’ అంటే మాత్రం ఒప్పుకోవద్దు. 2015, 2021 నవంబరు వరదలు చూసినవాళ్లం, పైపుల్లో చెత్త ఇరుక్కుంటే ఏమవుతుందో మనకు తెలుసు. రికార్డులో ఉన్న వెడల్పంతా వదిలి, రెండు గట్ల మీదా చెట్లు పెట్టమనండి. నెల్లూరు పెరగాలి, ఇళ్లూ రావాలి. నీళ్లు పోయే దారి మూసేస్తే మీ చేలతోపాటు ఆ ఇళ్లూ మునుగుతాయి, మీ తమ్ముడి ఇల్లు సహా.

ఇక ఆయన అడ్వాన్స్ సంగతి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోవడం చట్టవిరుద్ధం. కాలువ సంగతి దాచి అమ్మితే వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగొచ్చు. రశీదు, బ్యాంకు స్టేట్‌మెంట్, వాళ్లిచ్చిన బ్రోచర్ భద్రం చేసుకోమనండి. మిగతా వాయిదాలు ఆపేసి, ఎందుకు ఆపారో రాసి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో పంపమనండి. ప్లాటు కొన్నంత మాత్రాన మీ పిటిషన్ మీద సంతకం పెట్టకూడదని ఏమీ లేదు.