ఆగస్టులో అమ్మానాన్నలతో, పిల్లలతో మాలగా తీరానికి వెళ్తున్నాం. తిండి, సాయంత్రాలు ఎలా ప్లాన్ చేసుకోవాలి?

మీ ప్రశ్న నుంచి నాకు అర్థమైనది ఇది: ఆగస్టు మధ్యలో పది రోజులు దక్షిణ స్పెయిన్‌లో, మాలగా చుట్టుపక్కల ఉంటారు. అమ్మగారు, నాన్నగారు శాకాహారులు. మీరిద్దరూ చేపలు తింటారు. పిల్లలు చిన్నవాళ్ళు. కారు తీసుకోరు, బస ఇంకా ఖాయం కాలేదు. నేను ఉద్యోగరీత్యా ఈ ఊళ్ళోనే ఉంటున్నాను. మా అమ్మానాన్నలు కూడా ఒక వేసవి మా దగ్గర గడిపి వెళ్ళారు. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

అన్నిటికంటే ముందు టైము సంగతి. ఎక్కడ తినాలో ఎవరైనా చెప్తారు, కానీ ఎప్పుడు తినాలో తెలియకపోతే ఈ తీరంలో రోజులు వృథా అవుతాయి. మాలగా లండన్ కంటే కూడా పడమరన ఉంది. గడియారం మాత్రం బెర్లిన్‌తో కలిసి నడుస్తుంది. 1940లో స్పెయిన్ నియంత ఫ్రాంకో ప్రభుత్వం గడియారాలను గంట ముందుకు జరిపింది, మళ్ళీ వెనక్కి తిప్పలేదు. దానిమీద వేసవిలో ఇంకో గంట ముందుకు జరుపుతారు. అందుకే ఆగస్టులో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండుంబావు దాటుతుంది, పొద్దు గుంకేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. ఇక్కడివాళ్ళు రెండున్నరకు భోజనానికి కూర్చుంటారు, రాత్రి పదికి మళ్ళీ తింటారు. ఇది బద్ధకమని, విలాసమని మనవాళ్ళు అనుకుంటారు. ఎండను బట్టి చూస్తే వాళ్ళు సరైన వేళకే తింటున్నారు.

దీనివల్ల మీకు వచ్చే చిక్కు ఏమిటంటే, సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా మంచి రెస్టారెంట్లలో చాలావాటికి వంటగది మూసి ఉంటుంది. ఏడింటికి డిన్నర్ అని బయల్దేరితే తెరిచి ఉండేవి ఎక్కువగా బయట ఫోటోల మెనూ పెట్టిన టూరిస్టు హోటళ్ళే. మా నాన్నకు ఎనిమిదికల్లా భోజనం అయిపోవాలి. ఆయన కోసం మేం చేసిన ఏర్పాటు ఇదే, మీకూ పనికొస్తుంది: పొద్దున్నే తొమ్మిదికి బీచికి వెళ్ళి పన్నెండుకు తిరిగి రావడం, రెండింటికి కడుపునిండా భోజనం, తలుపులు మూసి ఆరింటిదాకా నిద్ర. లేచాక కాఫీ, ఏదో ఒక చిరుతిండి. ఏడున్నరకు బయటికి. తొమ్మిదిన్నరకు తేలిగ్గా ఏదైనా తిని, పదకొండున్నర దాకా సముద్రం ఒడ్డున నడక. పిల్లల గురించి బెంగ వద్దు. రాత్రి పదకొండుకు ఇక్కడి పార్కుల్లో ఉయ్యాలలకు క్యూ ఉంటుంది, అమ్మమ్మలు బెంచీల మీద కూర్చుని విసనకర్రలు ఊపుకుంటూ ఉంటారు. మీ పిల్లలకు భాష రాకపోయినా జట్టు దొరుకుతుంది.

మీరిద్దరూ చేపలు తింటారు కాబట్టి మొదటి మధ్యాహ్నమే ఊరికి తూర్పున ఉన్న పెద్రెగలేహో, ఎల్ పాలో వైపు వెళ్ళండి. సిటీ సెంటర్ నుంచి 11 నంబరు బస్సు వెళ్తుంది. ఇవి పాత జాలరిపేటలు. సముద్రానికి ఎదురుగా ఒకే అంతస్తు ఇళ్ళు, వాటి ముందు ఇసుకలో చిరింగీతోలు, అంటే బీచి హోటళ్ళు. ప్రతి చిరింగీతో ముందూ ఇసుక నింపిన పాత పడవ ఒకటి ఉంటుంది. అందులో ఆలివ్ కట్టెలు రాజేసి, ఐదారు సార్డిన్ చేపల్ని ఒక రెల్లు పుల్లకు గుచ్చి, మంటకు పక్కగా ఇసుకలో నిలబెడతారు. దీన్ని ఎస్పేతో అంటారు. విశాఖ, కాకినాడ వైపు కవళ్ళు అంటారే, ఆ జాతి చేపే. మసాలా ఏమీ ఉండదు, రాళ్ళుప్పు మాత్రమే. మంట మీద కాకుండా గాలి వాటం చూసి మంట పక్కన పెట్టడంలోనే పనితనం అంతా. చేపలోని నూనె కిందికి కారి మంట లేవకుండా, పొగ మితంగా పడుతూ, చర్మం మాత్రం కరకరలాడేట్టు కాలుస్తారు. గాలి తిరిగితే పడవనే తిప్పుతారు. మే నుంచి ఆగస్టు దాకా సార్డిన్‌కు కొవ్వు పట్టే కాలం, మీరు వెళ్ళేది సరిగ్గా అదను. నిమ్మకాయ పిండుకుని చేత్తోనే తినండి, ఇక్కడ అదే మర్యాద. 1885లో భూకంప బాధితుల్ని చూడటానికి వచ్చిన రాజు పన్నెండో అల్ఫోన్సోకు ఎల్ పాలోలో ఒక చేపల వంటవాడు అదే చెప్పాడని ఊళ్ళో కథగా చెప్పుకుంటారు.

రెండోది వేపుడు చేపలు. మన నెత్తళ్ళ లాంటి బొకెరోన్లను పిండిలో పొర్లించి ఆలివ్ నూనెలో వేయిస్తారు. మాలగా వాళ్ళను మిగతా స్పెయిన్ ముద్దుగా పిలిచే పేరు కూడా బొకెరోన్లే. పిల్లలకు సరదాగా ఉండాలంటే ఎల్ పాలో చివర ఎల్ తింతెరో అనే పెద్ద హోటల్ ఉంది. అక్కడ మెనూ ఇవ్వరు. వెయిటర్లు చేతినిండా ప్లేట్లతో, వేలం పాటలాగా చేప పేరు అరుస్తూ బల్లల మధ్య తిరుగుతారు. కావాలంటే చెయ్యెత్తాలి. ఆఖర్న బల్ల మీది ఖాళీ ప్లేట్లు లెక్కపెట్టి బిల్లు వేస్తారు. గోల ఎక్కువ, శాకాహారులకు దాదాపు ఏమీ దొరకదు. పెద్దవాళ్ళు నిద్రపోయే మధ్యాహ్నం మీరు, పిల్లలు వెళ్ళి రండి.

ఇక అమ్మగారు, నాన్నగారు. ఇక్కడ అసలు జాగ్రత్త పడాల్సింది శాకాహారమనే మాటకు వాళ్ళిచ్చే అర్థం దగ్గర. మాంసం లేదంటే చేప ఉండొచ్చు, చేప కూడా లేదంటే హామ్, అంటే ఉప్పు పట్టించిన పంది మాంసం, ముక్కలు ఉండొచ్చు. మామూలు సలాడ్ మీద ట్యూనా చేప వేస్తారు, చిక్కుళ్ళ కూరలో హామ్, పప్పులో చొరీసో అనే పంది మాంసం సాసేజ్ వేస్తారు. అందుకని మాంసం, చేప, హామ్, ట్యూనా ఏవీ వద్దని నాలుగూ విడివిడిగా చెప్పాలి: నీ కార్నే, నీ పెస్కాదో, నీ హమోన్, నీ అతున్. ఫోన్లో రాసి పెట్టుకుని వెయిటర్‌కు చూపించండి. విసుక్కోరు. వేపుళ్ళ విషయంలో ఇంకో ప్రశ్న అడగాలి, చాలాచోట్ల చేపలకూ కూరగాయలకూ నూనె ఒకటే. పట్టింపు ఉన్నవాళ్ళయితే చిరింగీతోలో వేపుళ్ళు మానేయడం మేలు.

అలాగని పస్తులుండరు. మా అమ్మ ఇష్టంగా తిన్నవి చెప్తాను. అహోబ్లాంకో అని మాలగా చల్లని సూప్: బాదంపప్పు, వెల్లుల్లి, బ్రెడ్డు, ఆలివ్ నూనె, వెనిగర్ కలిపి మెత్తగా రుబ్బి, పైన తియ్యని ద్రాక్షపళ్ళు వేస్తారు. టమాటా రాకముందు నుంచీ ఉన్న వంటకం ఇది. గస్పాచో టమాటా, కీరాలతో చేసేది, గ్లాసులో పోసి ఇస్తారు, ఎండన పడి వచ్చాక ప్రాణం లేచొస్తుంది. సల్మొరేహో అనే చిక్కటి టమాటా సూప్ అడిగితే మాత్రం పైన గుడ్డు, హామ్ వద్దని ముందే చెప్పండి. సెంటర్లో నూనె వేరుగా వాడే చోటు దొరికితే వంకాయ వేపుడు తప్పక తినాలి. పల్చగా కోసిన వంకాయల మీద చెరకు తేనె పోస్తారు. పేరుకు తేనె గానీ అది చెరకు రసం కాచి తీసిన పాకం, అచ్చం మన బెల్లం పాకం రుచే. అరబ్బుల కాలం నుంచి ఈ తీరంలో చెరకు పండించారు. చేలు పోయాయి గానీ, నెర్హా దగ్గర ఫ్రిహిలియానా అనే కొండమీది తెల్లని ఊళ్ళో ఆ పాకం చేసే ఫ్యాక్టరీ ఇంకా నడుస్తోంది. అక్కడికి వెళ్తే ఒక సీసా కొనుక్కోండి, దోసెలోకీ బాగుంటుంది.

పొద్దున టిఫిన్‌కు ఏ సందు చివరి కాఫీ బార్‌కైనా వెళ్ళి పితుఫో అడగండి. చిన్న మెత్తని రొట్టెను కాల్చి, టమాటా గుజ్జు, ఆలివ్ నూనె వేసి ఇస్తారు. కాఫీకి ఇక్కడ పాల పాళ్ళను బట్టి వేర్వేరు పేర్లున్నాయి. మన ఫిల్టర్ కాఫీ అలవాటున్నవాళ్ళకు మితాద్ సరిపోతుంది, అంటే పాలూ డికాక్షనూ సగం సగం. పెద్దవాళ్ళకు తేలిగ్గా కావాలంటే సోంబ్రా, అంటే పాలెక్కువ, డికాక్షన్ తక్కువ. సాయంత్రం చిరుతిండికి 1932 నుంచి ఉన్న కాసా అరాందాలో చూర్రోలు అనే వేయించిన పిండి కడ్డీలు, లేదా 1890 నాటి కాసా మీరాలో ఐస్‌క్రీమ్. చూర్రో పిండి, నీళ్ళు, ఉప్పు మాత్రమే, గుడ్డు ఉండదు. నిమ్మకాయ గ్రనిసాదో (ఐసు పొడితో ఇచ్చే నిమ్మరసం), ఓర్చాతా అనే తియ్యని చల్లని పానీయం పిల్లలకు నచ్చుతాయి. తింతో దె వెరానో సోడాలా కనిపిస్తుంది కానీ అందులో వైను ఉంటుంది, పెద్దవాళ్ళకు ముందే చెప్పండి. కుళాయి నీళ్ళు ఉచితంగా ఇవ్వాలని 2022లో చట్టం వచ్చింది, మొహమాటపడకుండా అడగండి. బ్రెడ్డు అడక్కుండా తెచ్చినా బిల్లులో వేస్తారు. టిప్పు తప్పనిసరి కాదు.

బీచి గురించి తక్కువే చెప్తాను. 1988 తీర చట్టం ప్రకారం ఇసుక అందరిదీ, ఏ హోటలూ ఆపలేదు. డబ్బు తీసుకునేది వాలుకుర్చీలకే. జెండా ఎర్రగా ఉంటే నీళ్ళలోకి దిగొద్దు. నీళ్ళు మీరనుకున్నంత వెచ్చగా ఉండవు. జిబ్రాల్టర్ జలసంధి గుండా అట్లాంటిక్ నీళ్ళు వచ్చి కలిసే చోటు ఇది, ఆగస్టులో కూడా దిగగానే ఒళ్ళు జలదరిస్తుంది. కొందరు ఆడవాళ్ళు పైన బట్టల్లేకుండా పడుకుంటారు, ఇక్కడ అది మామూలు. పెద్దవాళ్ళకు ముందుగా చెప్పి ఉంచితే ఇబ్బంది పడరు. మా అమ్మ చీరలోనే మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడేది, ఎవరూ తేరిపార చూడలేదు.

సాయంత్రాలకు డబ్బు పెద్దగా అక్కర్లేదు. జూలై, ఆగస్టుల్లో నగరంలోని బీచుల్లో, పార్కుల్లో ఉచితంగా సినిమాలు వేస్తారు, దాన్ని సినే అబియెర్తో అంటారు. మాటలు ఎక్కువగా స్పానిష్‌లోనే ఉంటాయి, పిల్లల కార్టూన్ సినిమాలకు అది అడ్డం కాదు. ఆదివారం మధ్యాహ్నం రెండు దాటాక అల్కసాబా కోటలోకి ప్రవేశం ఉచితం, ఎండ తగ్గాక ఎక్కండి. పికాసో పుట్టింది ఈ ఊళ్ళోనే, 1881లో. ఆయన మ్యూజియంలో ఆదివారం ఆఖరి రెండు గంటలు ఉచితం. బెనల్మాదెనాలో సముద్రం కనిపించేలా 33 మీటర్ల బౌద్ధ స్తూపం ఉంది, 2003లో ప్రారంభించారు. నాన్నగారికి నచ్చుతుంది. మార్బెయ్యాలో పాత రాతి గనిలో జరిగే స్టార్‌లైట్ కచేరీలు చాలా ఖరీదు. మీ ట్రిప్పుకు అవసరం లేదని నా అభిప్రాయం.

అమ్మగారి కోసం ఒకటి మాత్రం మర్చిపోవద్దు, బిస్నాగా. వేసవి సాయంత్రాల్లో తెల్ల చొక్కా, ఎర్ర నడికట్టు కట్టుకున్న మనిషి నాగజెముడు మట్టకు తెల్లని పూలబంతులు గుచ్చుకుని సెంటర్లో, హోటళ్ళ బల్లల మధ్య తిరుగుతుంటాడు. చూస్తే ఒకే పువ్వులా ఉంటుంది గానీ, అది మనిషి చేతుల్లో తయారైంది. పొలాల్లో పెరిగే ఒక అడవి మొక్క కంకిని పచ్చిగా ఉండగానే కోసి, ఎండబెట్టి, దాని ఒక్కో ఈనెకు ఒక్కో జాజిమొగ్గ గుచ్చుతారు. మొగ్గలు విచ్చకముందే, మధ్యాహ్నం పూట ఆ పని అయిపోవాలి. రాత్రికి అన్నీ ఒకేసారి విచ్చుకుంటాయి. దోమలు రావని మంచం పక్కన పెట్టుకుంటారు. మా అమ్మ రోజూ ఒకటి కొనిపించుకుంది. ఆ పూలమ్మే ఆయనతో ఒక్క స్పానిష్ ముక్క రాకుండానే చేతి సైగలతో పువ్వు గుచ్చడం నేర్చుకుంది. ఈ ఊళ్ళో ఆవిడ మనసు కుదురుకున్నది ఆ రోజునుంచే.

మీరు వచ్చే రోజుల్లోనే మాలగా ఫెరియా పడుతుంది. 1487 ఆగస్టులో కాథలిక్ రాజదంపతులు ఇసాబెల్, ఫెర్నాందో ముస్లిం పాలకుల నుంచి నగరాన్ని గెలిచి లోపలికి ప్రవేశించిన సందర్భానికి ముడిపడిన జాతర అది. మొదటి రాత్రి సముద్రం మీద బాణసంచా కాలుస్తారు. పగలు పాత నగరం వీధుల్లో, రాత్రి ఊరి బయట కోర్తిహో దె తొర్రెస్ మైదానంలో జరుగుతుంది. సెవియ్యా నగరపు జాతరలో డేరాలు చాలామటుకు సొంతదారులవి, ఇక్కడ ఎవరైనా లోపలికి వెళ్ళొచ్చు. పగటి జాతరలో మధ్యాహ్నం రెండు దాటాక తాగుడు, తోపులాట ఎక్కువ, పెద్దవాళ్ళతో వెళ్ళొద్దు. పన్నెండింటికి వెళ్తే వెర్దియాలెస్ మేళాలు కనిపిస్తాయి. పూలూ రిబ్బన్లూ వేలాడే టోపీలతో, ఫిడేలు, తాళాలతో కొండ పల్లెలవాళ్ళు పాడే పాట అది. నాకు ఫెరియా మొత్తంలో అదే ప్రాణం. రాత్రి మైదానంలో పిల్లలకు రంగులరాట్నాలు సరేసరి.

కారు లేకపోయినా ఫర్వాలేదు. సి-1 రైలు సెంటర్ నుంచి ఎయిర్‌పోర్టు, తొర్రెమొలీనోస్, బెనల్మాదెనా మీదుగా ఫ్వెన్హిరోలా దాకా వెళ్తుంది. నెర్హాకు, మార్బెయ్యాకు రైలు లేదు, బస్సులోనే వెళ్ళాలి.

బస మాత్రం త్వరగా తేల్చుకోండి. హోటల్ కంటే వంటగది ఉన్న ఫ్లాటు మేలు, అన్నం, పెరుగు, చారు ఇంట్లో ఉంటే పెద్దవాళ్ళకు బయటి తిండి భారం కాదు. కూరగాయలకు అతరసానాస్ మార్కెట్ ఉంది, మధ్యాహ్నానికే మూసేస్తారు. ఫెరియా వారంలో సెంటర్లో నిద్ర పట్టదు కాబట్టి పెద్రెగలేహో వైపు చూడండి. ఆందలూసియా ప్రభుత్వ రిజిస్ట్రేషన్ నంబరు లేని ఫ్లాటు తీసుకోవద్దు. టూరిస్టు ఫ్లాట్ల వల్ల అద్దెలు పెరిగి ఊరివాళ్ళు ఇళ్ళు ఖాళీ చేయాల్సి వస్తోందని 2024లో ఇక్కడ వేలమంది వీధుల్లోకి వచ్చారు. వాళ్ళ బాధ నిజమైనది. రాత్రి మెట్ల మీద మెల్లగా మాట్లాడమని పిల్లలకు చెప్పండి. ఇంకొక్కటి, పడకగదుల్లో ఏసీ ఉందో లేదో యజమానిని సూటిగా అడగండి. తెర్రాల్ అనే వడగాలి కొండల మీదుగా దిగిన రోజు నలభై డిగ్రీలు దాటొచ్చు, ఏసీ లేకపోతే మధ్యాహ్నం నిద్ర కుదరదు. ఆ నిద్ర లేకపోతే పైన చెప్పిన సాయంత్రాలేవీ కుదరవు.