బారెడు పొద్దెక్కేదాకా నిద్ర... బద్ధకమేనా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు, ఇంజినీరింగ్ చదువుతున్నాడు. రాత్రి ఒంటిగంట దాటితే గానీ నిద్రపోడు. సెలవు రోజున పదింటికి గానీ లేవడు. నాలుగింటికే లేచే మా అమ్మ వాణ్ణి సోమరి అంటుంది. తొమ్మిదింటికే పడుకోబెడితే మారతాడా? ఇదేమైనా జబ్బా?
– ఒక తండ్రి, దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఇది జబ్బులాగానూ లేదు, సోమరితనంలాగానూ లేదు. మెదడులో, కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన ఉండే నాడీకణాల గుంపు ఒకటి మన నిద్రమెలకువల వేళలను నడుపుతుంది. దాని ఆవృత్తి, అంటే ఒక చుట్టు పూర్తయ్యేందుకు పట్టే సమయం, చాలామందిలో 24 గంటల కంటే కొన్ని నిమిషాలు ఎక్కువ కాబట్టి, పొద్దుటి వెలుతురు కంట పడినప్పుడల్లా అది తన్ను తాను సరిచేసుకుంటూ ఉంటుంది. ఈ ఆవృత్తి అందరిలో ఒకేలా ఉండదు, అందులో వంశపారంపర్యం పాలు తక్కువేమీ కాదు. ఒకే జన్యువులో మార్పుల వల్ల పండ్ల ఈగల దినచక్రం కొన్నింటిలో 19 గంటలకు కుదించుకుపోవడం, కొన్నింటిలో 28 గంటలకు సాగడం రొనాల్డ్ కొనోప్కా, సీమోర్ బెంజర్ 1971లోనే చూపించారు. ఆ జన్యువు పనితీరును విప్పిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి దక్కింది.

దీనికి వయసు కూడా తోడవుతుంది. యౌవనారంభం నుంచి నిద్రవేళ వెనక్కి జరుగుతూ వచ్చి, ఇరవై ఏళ్ల ప్రాంతంలో బాగా ఆలస్యమై, ఆ తరువాత మెల్లగా ముందుకు వస్తుంది. మీ ఇంట్లో మనవడు ఒక కొసన, నాయనమ్మ మరో కొసన ఉన్నారు. ఆ వయసులో తానూ నాలుగింటికే లేచేదాన్నని అమ్మగారు అనవచ్చు. నిజమే కావచ్చు, కానీ కుళాయి నీళ్లు వచ్చే వేళను బట్టి లేవాల్సిన ఆడపిల్లను నిద్ర చాలిందా అని ఎవరడిగారు?

తొమ్మిదింటికే పడుకోబెట్టడం వల్ల ఫలితం ఉండదు. అలవాటైన నిద్రవేళకు ముందు రెండు మూడు గంటలు మెదడు బాగా చురుగ్గా ఉంటుంది కాబట్టి, అతడు పక్క మీద దొర్లుతూ ఫోను పట్టుకుంటాడు. మార్చాల్సింది ఉదయాన్ని. పొద్దున ఫ్యాను ఆపేసి లేపే పద్ధతి మానేసి, లేచిన వెంటనే అరగంట సేపు డాబా మీదో బాల్కనీలోనో గడపమనండి; మబ్బు పట్టిన శ్రావణ మాసపు ఉదయం కూడా గదిలోని ట్యూబులైటు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వెలుతురునిస్తుంది. లేచే వేళను నాలుగైదు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు తేవాలి. సెలవు రోజుల్లోనూ గంటకు మించి తేడా రానివ్వకూడదు. స్నేహితులతో రాత్రి ఎనిమిదింటికి తాగిన ఇరానీ చాయ్‌లోని కెఫీన్‌లో దాదాపు సగం ఒంటిగంటకు కూడా ఒంట్లోనే ఉంటుంది కాబట్టి, ఆ చాయ్‌ను మధ్యాహ్నానికి మార్చుకోవాలి. ఇంత చేసినా అతడు నాయనమ్మతోపాటు లేస్తాడని ఆశించకండి. గంటో గంటన్నరో ముందుకు రావడమే గొప్ప.

నిజంగా గమనించవలసింది నిద్ర మొత్తం. ఒంటిగంటకు పడుకుని కాలేజీ బస్సు కోసం ఆరింటికే లేచేవాడికి మిగిలేది అయిదు గంటలు. ఈ వయసులో కనీసం ఏడు గంటలు కావాలి. సెలవుల్లో తనకు వీలైన వేళల్లో కంటి నిండా నిద్రపోయి హుషారుగా ఉంటే బెంగ అక్కర్లేదు. అలా పడుకున్నా పగలంతా తూగుతున్నా, పెద్దగా గురక పెడుతున్నా, దిగులుగా ఉంటూ ఎవరితోనూ కలవకపోయినా, రెండు వారాల నిద్రవేళలు ఒక కాగితం మీద రాసుకుని వైద్యుణ్ణి కలవండి. ఈలోగా నిద్ర కోసం వాడే మెలటోనిన్ మాత్రలు మీ అంతట మీరు కొని వేయకండి.