వామాకు మొక్కకు ఓమ గింజలు కాస్తాయా?

కాయవు, కుండీలో పెంచే వామాకు వేరు, సకినాల పిండిలో వేసే ఓమ, అంటే వాము, వేరు. వామాకుది పుదీనా, తులసి కుటుంబం. ఓమది కొత్తిమీర, జీలకర్ర కుటుంబం. వాసన ఎందుకు కలుస్తుందంటే రెండింటి నూనెల్లోనూ థైమాల్ అనే ఘాటు వాసన పదార్థం ఉంటుంది. వామాకులో దానికి బాగా దగ్గరి పదార్థం కార్వక్రాల్ కూడా ఉంటుంది.

నల్లగొండలో ఏ ఇంటి ముందున్న వామాకునైనా పట్టుకొని చూడండి: ఆకు దళసరిగా, నూగుగా ఉంటుంది, కొమ్మ విరిచి గుచ్చితే చాలు నాటుకుంటుంది. ఓమ అలా కాదు, గింజ చల్లి పెంచే పంట, ఆకు సోంపు ఆకులా సన్నగా చీలి ఉంటుంది.

మొక్క ముదిరితే వాము వస్తుందని చాలామంది ఎదురుచూస్తుంటారు. పేరే ఈ తికమకకు కారణం. వామాకును దాని మరో పేరుతో కర్పూరవల్లి అనడమే నయం. దానికి పూత వచ్చినా ఓమ మాత్రం రాదు. బజ్జీలకు ఆకులు తెంపుకోండి.