తాగేది ఆయన, అశక్తురాలినని ఒప్పుకోవాల్సింది నేనా?

ఆల్-అనాన్ మీటింగ్‌లో, వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో మొదటి మెట్టు కింద ‘మద్యం ముందు మేం అశక్తులం, మా బతుకు మా చెయ్యి దాటిపోయింది’ అని ఒప్పుకోమన్నారని, తాగేది మీ ఆయనైతే మీరెందుకు ఒప్పుకోవాలని అడిగారు. ఈ మీటింగుల్లో ఏళ్లుగా కూర్చుంటున్నదాన్ని కాబట్టి తెలిసింది చెబుతాను.

తాగేవాళ్ల కోసం ఆల్కహాలిక్స్ అనానిమస్ అమెరికాలో 1935లో మొదలైతే, వాళ్ల ఇంట్లోవాళ్ల కోసం ఆల్-అనాన్ 1951లో వచ్చింది. రెండింటికీ మొదటి మెట్టు ఒకటే. ఆయన మందుతో పోరాడి ఓడిపోతుంటే, మీరు ఆయన్ని మాన్పించబోయి ఓడిపోతున్నారు. మీరు వదలాల్సింది ఆ రెండో పోరాటాన్ని.

ఒక కాగితం తీసుకోండి. ఎడమవైపు ఇన్నాళ్లూ చేసినవన్నీ రాయండి: సీసా పారబోయడం, ఏటీఎం కార్డు దాచడం, జేబులు వెతకడం, మాల వేయించడం. కుడివైపు, ఆ తర్వాత మళ్లీ ఎప్పుడు తాగారో రాయండి. మాల దగ్గర చాలామంది ఆగిపోతారు. 41 రోజులు ముట్టలేదు కదా, తలచుకుంటే మానగలడు అనిపిస్తుంది. ఆ ఆశతోనే కాపలా ఇంకా గట్టిగా మొదలవుతుంది. పిల్లల తల మీద ఒట్టు వేయించడం మాత్రం నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డది. ఒట్టు తప్పిన రోజు, నాన్నకి నాకన్నా మందే ఎక్కువని ఆ పసివాడు అనుకుంటాడు.

ఇక మానాల్సినవి. ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని చెప్పడం, బెల్టు షాపు బాకీ కట్టడం, తాగి ఉన్నప్పుడు వాదించడం. అన్నీ ఒకేసారి కుదరవు. ఒకటి ఎంచుకుని దాని మీద నిలబడండి. మొదట్లో గొడవ పెరుగుతుంది, అత్తగారు కూడా మిమ్మల్నే అంటారు. చాలామంది అక్కడే వెనక్కి తగ్గుతారు.

తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరామ్ మాత్రను కూరలో దొంగచాటుగా కలపడం అస్సలు వద్దు. అది కడుపులో ఉండగా తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ప్రాణం కూడా పోవచ్చు. మాత్ర ఆపినా రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉంటుంది. డాక్టరు రాయాలి, ఆయనకు తెలిసే వేసుకోవాలి.

రోజూ తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేయడమూ అంతే ప్రమాదం. ఒక్కసారిగా ఆపితే తొలి రోజే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించి, మతి తప్పినట్టు మాట్లాడితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. దీక్ష పేరుతో ఆపినా ఇదే జరుగుతుంది కాబట్టి, ముందు డాక్టరుకు చూపించండి. డీ-అడిక్షన్ సలహాకు 14446 ఉచిత నంబరు.

అశక్తులమని ఒప్పుకోవడమంటే దెబ్బలు భరించడం కాదు. చెయ్యి చేసుకుంటే 112కి గానీ 181కి గానీ ఫోన్ చేయండి. ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, కొంత డబ్బు ఒక సంచిలో పెట్టి పుట్టింట్లోనో, నమ్మకమైనవాళ్ల దగ్గరో ఉంచండి.

మొదటి మీటింగ్ నచ్చకపోయినా కనీసం ఆరు చూడండి. ఫీజు ఉండదు, ఇంటిపేరు చెప్పక్కర్లేదు. ఆయన ఇంకా తాగుతున్నా సరే, మీరు వెళ్లొచ్చు.