నీ నియంత ఒక్కడే అన్నీ చేస్తున్నాడు

తమ్ముడూ,

నీ నవల మొదటి ఐదు అధ్యాయాలు రెండుసార్లు చదివాను. వచనం బాగా నడుస్తోంది. కానీ కుర్చీ ఎక్కిన మర్నాడే నీ నియంత రేడియోలో గర్జిస్తాడు, దేశమంతా వణికిపోతుంది. అక్కడే నాకు కథ మీద నమ్మకం పోయింది. అధికారం అంత తేలిగ్గా చేతికి చిక్కదు. చుట్టూ ఉన్నవాళ్లు తలా ఒక చెయ్యి వేయాలి. ఆ చేతులు నీ నవల్లో లేవు.

జర్మనీనే తీసుకో. 1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. అప్పటి మంత్రివర్గంలో అతనితో కలిపి నాజీలు ముగ్గురే. మిగతా పెద్దమనుషులు అతను తమ గుప్పెట్లోనే ఉంటాడని ధీమాగా ఉన్నారు. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ ఒక అత్యవసర ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. మాట్లాడే హక్కు, సభ పెట్టుకునే హక్కు, పత్రికా స్వేచ్ఛ, చివరికి ఉత్తరాల గోప్యత కూడా ఆ సంతకంతో పోయాయి. అదీ రాజ్యాంగంలోని 48వ అధికరణం చూపించే. ఇంత భయపెట్టాక మార్చి 5న ఎన్నికలు పెడితే నాజీలకు వచ్చింది 43.9 శాతం ఓట్లు. సగం కూడా కాదు. ఈ అంకెను నువ్వు రాసుకునే బల్ల ఎదురుగా అంటించుకో.

మిగతాది ఎవరిచ్చారు? మార్చి 23న బెర్లిన్ క్రోల్ ఒపెరా హౌస్‌లో సభ జరిగింది. పార్లమెంటుతో పని లేకుండా ప్రభుత్వమే చట్టాలు చేసుకునే బిల్లు అది, మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. కమ్యూనిస్టు సభ్యుల్ని రానివ్వలేదు. హాల్లో యూనిఫారాలు వేసుకున్న నాజీ దళాలు నిలబడి ఉన్నాయి. కాథలిక్కుల సెంటర్ పార్టీ నాయకుడు లుడ్విగ్ కాస్, హామీలన్నీ ఉత్తరంలో రాసిస్తానన్న హిట్లర్ మాట నమ్మాడు. ఆ ఉత్తరం రాలేదు. ఆయన పార్టీ ఓట్లు మాత్రం బిల్లుకు అనుకూలంగా పడ్డాయి. అనుకూలం 444, వ్యతిరేకం 94. ఆ 94 ఓట్లూ సోషల్ డెమోక్రాట్లవి. మా స్వేచ్ఛను, ప్రాణాన్ని తీసుకోగలరు, మా గౌరవాన్ని కాదని వాళ్ల నాయకుడు ఒట్టో వెల్స్ అన్నది ఆ హాల్లోనే, ఆ యూనిఫారాల మధ్యే. వెల్స్ గురించి అందరూ రాస్తారు. నేనైతే ఒక అధ్యాయమంతా ఆ రాని ఉత్తరం మీదే రాస్తాను.

ఇంకోటి. ఆ ఏడాది మే 1న కార్మికులకు జీతంతో సెలవిచ్చి పండగ చేశారు. కార్మిక సంఘాలూ ఊరేగింపుల్లో నడిచాయి. మర్నాడు పొద్దున్నే సంఘాల ఆఫీసులన్నీ ఆక్రమించి నాయకుల్ని పట్టుకుపోయారు. జూలై 14కల్లా దేశంలో ఒకే పార్టీ మిగిలింది. 1934 ఆగస్టు 2న హిండెన్‌బర్గ్ పోయాడు. అదే రోజు సైనికుల చేత హిట్లర్ పేరు పెట్టి ప్రమాణం చేయించారు.

ఇప్పుడు నీ రెండో అధ్యాయానికి వస్తాను. అందులో ఫైలు పట్టుకుని వరండాలో నిలబడ్డ గుమాస్తాను నాలుగు వాక్యాల్లో వదిలేశావు. 1933 ఏప్రిల్ 7 నాటి చట్టంతో జర్మనీలో యూదు ఉద్యోగుల్ని, సర్కారుకు గిట్టనివాళ్లని తీసేశారు. ఖాళీ అయిన కుర్చీల్లో ఎవరో ఒకరు కూర్చున్నారు కదా! నీ గుమాస్తాకు ప్రమోషన్ ఇవ్వు. ఆ సాయంత్రం మిఠాయి పొట్లంతో ఇంటికి పంపు. తీసేసినాయన ఏమయ్యాడని భార్య అడిగితే అతను ఏం చెప్పాడో రాసి, నాకు పంపించు.

మీ అన్నయ్య