వాన తక్కువ ఊళ్లో వరద చూసిన పిల్ల: బి.ప్లాన్ చదివించాలా?

ప్రశ్న: మాది అనంతపురం. నేను ఆర్టీసీలో పనిచేస్తాను. మా పాప ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి మా ఇంట్లోకి నీళ్లొచ్చాయి. అప్పటి నుంచి ఊళ్లు ఎలా కట్టాలో నేర్పే చదువు చదువుతానంటోంది. బి.ప్లాన్ అంట. బంధువులేమో కంప్యూటర్స్, కాదంటే సివిల్ అంటున్నారు. ఏం చేయమంటారు సార్?

జవాబు: ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే మంచి వాన అనుకునే ఊరు మనది. అలాంటి చోట ఇళ్లు ఎందుకు మునిగాయని మీ పాప ఇన్నాళ్లుగా అడుగుతోందంటే ఆ కోరికను తేలిగ్గా తీసుకోకండి.

సివిల్‌కీ ప్లానింగ్‌కీ తేడా మీ వీధిలోనే కనిపిస్తుంది. కాల్వ ఎంత లోతు తవ్వాలి, గోడ ఎంత మందం కట్టాలి అన్నది సివిల్ ఇంజనీరు లెక్క. ఆ వంక ఒడ్డున లేఅవుట్ వేయనివ్వొచ్చా, పైనున్న చెరువు అలుగు పారితే నీళ్లు ఏ దారిన దిగుతాయి, పల్లంలో ఇప్పటికే ఉంటున్న కూలీలను వేరే చోటికి పంపితే అక్కడి నుంచి పనికి బస్సు ఉంటుందా అన్నవి ప్లానర్ చూడాలి. చెరువు కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ బుక్కరాయసముద్రంలో నేటికీ చెప్పుకుంటారు. చెరువుల కిందే పెరిగిన ఊళ్లు మనవి. నీళ్ల దారి మర్చిపోయి ప్లాట్లు వేస్తే ఏమవుతుందో మీ ఇల్లే చూసింది.

ఇక చదువు. బి.ప్లాన్ నాలుగేళ్లు, ఇంటర్‌లో గణితం ఉండాలి. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008 నుంచి ఉంది. అక్కడ సీటుకు జేఈఈ మెయిన్ పేపర్ 2బి రాయాలి, తర్వాత కేంద్ర విద్యాసంస్థల సీట్లన్నీ కలిపి కేటాయించే జోసా కౌన్సెలింగ్. డ్రాయింగ్ పరీక్ష బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్) వాళ్లకే. 2బిలో గణితం, ఆప్టిట్యూడ్, ప్లానింగ్ ప్రశ్నలు ఉంటాయి. చాలామంది పిల్లలు ఇంజనీరింగ్ కోసం రాసే పేపర్ 1కి మాత్రమే ఫీజు కట్టి తర్వాత బాధపడతారు. ఈ రాత్రే పాప అప్లికేషన్ తీసి చూడండి. జనవరి విడత పోయినా ఏప్రిల్ విడత ఉంటుంది.

ఉద్యోగాల గురించి ఉన్నదున్నట్టు చెబుతాను. దేశంలో 12,000 మందికి పైగా టౌన్ ప్లానర్లు కావాలని, రాష్ట్రాల శాఖల్లో మంజూరైన పోస్టులు 4,000 లోపేనని, వాటిలోనూ 42 శాతం ఖాళీయేనని నీతి ఆయోగ్ 2021లో చెప్పింది. అవసరం నిజమే, కానీ ఖాళీ ఉన్నంత మాత్రాన నోటిఫికేషన్ రాదు. టౌన్ ప్లానింగ్ శాఖ, మన అహుడా (అనంతపురం–హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ) లాంటి సంస్థల్లో పోస్టుల కోసం ఎదురుచూస్తూ మొదట ప్రైవేటు కన్సల్టెన్సీల్లో మ్యాపుల పని చేయాల్సి రావచ్చు. సాఫ్ట్‌వేర్‌లో చేరిన పిల్లల పక్కన ఆ జీతం చిన్నగా కనిపిస్తుంది. ఇంట్లో అప్పులుండి సంపాదన త్వరగా కావాలంటే సివిల్ చేయించండి. తర్వాత గేట్ రాసి ఐఐటీ ఖరగ్‌పూర్, రూర్కీ లాంటి చోట్ల ప్లానింగ్‌లో పీజీ చేయొచ్చు. ఆ దారి మూసుకుపోదు.

మ్యాపులు గీయడమే పని అనుకుని వచ్చే పిల్లలు మధ్యలో నీరసపడిపోవడం చూశాను. ఈ వృత్తిలో సగం నడక, సగం మనుషులతో మాటలు. అందుకే ఒక ఆదివారం పొద్దున్నే పాపను తీసుకుని నడిమివంక వెంట రెండు గంటలు నడవండి. వంక ఎక్కడ ఇరుకైంది, ఏ కల్వర్టు కింద చెత్త అడ్డుపడింది, గోడల మీద నీటి మరక ఎంత ఎత్తున ఉంది, అన్నీ నోట్‌బుక్‌లో రాయమనండి. నలుగురు పెద్దవాళ్లను అడిగి, వాళ్ల చిన్నప్పుడు వంక ఎంత వెడల్పుండేదో తెలుసుకోమనండి. ఎండకీ మాటలకీ విసుగొస్తే సివిలో కంప్యూటర్సో, మార్కుల్ని బట్టి చూద్దాం. ఇంటికొచ్చాక ‘నాన్నా, వచ్చే వారం ఎగువనున్న చెరువు దాకా పోదాం’ అంటే మాత్రం 2బికి ఫీజు కట్టేయండి.