మీ ప్రశ్నలు – డాక్టర్ సమాధానాలు: చిన్న రంధ్రాలు, లోపలి ఆపరేషన్

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అత్తగారి వయసు 62 ఏళ్లు. పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయని, తరచూ నొప్పి వస్తోంది కనుక లాపరోస్కోపీ పద్ధతిలో పిత్తాశయాన్నే తీసివేయాలని సర్జన్ చెప్పారు. నాలుగు రంధ్రాలే కాబట్టి ఇది చాలా చిన్న ఆపరేషనని బంధువులు ధైర్యం చెబుతున్నారు. కానీ సంతకం కోసం ఇచ్చిన కాగితంలో ‘అవసరమైతే పొట్ట కోసి చేయవలసి రావచ్చు’ అన్న వాక్యం చదివిన దగ్గర నుంచి ఆవిడ ససేమిరా అంటున్నారు. రాళ్లు మాత్రం తీసి పిత్తాశయాన్ని ఉంచేయకూడదా?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న సంగతి చూద్దాం. రాళ్లు పుట్టేదే ఆ సంచిలో. పైత్యరసంలో కొలెస్టరాల్ పాలు పెరిగి, సంచి సరిగా ముడుచుకోక, నిలవ ఉన్న రసం చిక్కబడినప్పుడు అవి తయారవుతాయి. రాళ్లను ఏరివేసి సంచిని వదిలేస్తే అక్కడే మళ్లీ రాళ్లు పుట్టే అవకాశం ఎక్కువ. పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం; పిత్తాశయం దానిని నిలవ ఉంచి చిక్కబరుస్తుందంతే. అందుచేత పిత్తాశయం లేకపోయినా రసం నేరుగా పేగులోకి దిగుతూనే ఉంటుంది. కొందరికి కొన్నాళ్లపాటు విరేచనాలు పలచబడవచ్చు, అంతకుమించి జీర్ణక్రియకు పెద్ద లోటు రాదు.

ఇక ‘చిన్న ఆపరేషన్’ అన్న మాటతో నేను ఏకీభవించలేను. చర్మం మీది గాయం చిన్నదే. లోపల చేసే పని మాత్రం పొట్ట కోసి చేసే పనికి ఏమాత్రం తీసిపోదు. బొడ్డు దగ్గర సుమారు 10 మిల్లీమీటర్ల గాటు పెట్టి, పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువును 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో నింపితే పొట్ట గోడ పైకి లేచి, కెమెరా తిరగడానికి, పరికరాలు కదలడానికి చోటు దొరుకుతుంది. ఈ వాయువునే ఎంచుకోవడానికి కారణాలు ఉన్నాయి. లోపల రక్తనాళాలను విద్యుత్తుతో కాల్చి మూసేటప్పుడు ఇది మండదు. రక్తంలో త్వరగా కరిగి ఊపిరితో పాటు బయటికి పోతుంది. ఆపరేషన్ మరునాడు చాలామందికి భుజం నొప్పి పుడుతుంది. పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే డయాఫ్రమ్ ఈ వాయువు వల్ల చిరాకు పడుతుంది. దాని నాడి మెడ దగ్గర పుట్టి వస్తుంది, భుజం నుంచి వచ్చే నాడులూ అక్కడికే చేరతాయి. అందుకే పొట్టలోని బాధ భుజంలో తెలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే ఆవిడ కంగారు పడరు. అయితే నొప్పి ఛాతీలోకి పాకినా, ఆయాసం తోడైనా వెంటనే నర్సుకు చెప్పాలి.

ఆపరేషన్‌లో కీలకమైన ఘట్టం మరొకటి ఉంది. పిత్తాశయం మెడను ఒక పరికరంతో పట్టి పక్కకు లాగి, దాని చుట్టూ ఉన్న కొవ్వును, పలుచని పొరలను పోగుపోగుగా విడదీస్తారు. అప్పుడు సంచిలోకి వెళ్లేవి రెండే రెండు కనిపించాలి: పిత్తాశయ నాళం ఒకటి, దానికి రక్తం తెచ్చే ధమని ఒకటి. సంచి కింది మూడో వంతు భాగం కాలేయం నుంచి విడివడాలి కూడా. అంతవరకూ సర్జన్ క్లిప్పు వేయరు, కత్తెర పట్టరు. 1995లో సర్జన్ స్ట్రాస్‌బర్గ్, ఆయన సహచరులు సూత్రీకరించిన ఈ నియమం వెనుక చేదు అనుభవం ఉంది. 1985లో జర్మనీలో ఎరిక్ మూయె తొలిసారిగా లాపరోస్కోపీతో పిత్తాశయాన్ని తీసినప్పుడు తోటివారు పెదవి విరిచారు. కొద్ది ఏళ్లకే అందరూ ఆ దారి పట్టారు. అందరూ నేర్చుకుంటున్న ఆ తొలి రోజుల్లో కాలేయం నుంచి పేగుకు రసం చేరవేసే ప్రధాన పైత్యనాళానికి గాయాలు పెరిగాయి. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు అన్నీ అతుక్కుపోయి, ఆ నాళమే పిత్తాశయ నాళంలా భ్రమ కలిగిస్తుంది. పొరపాటున దానిని కత్తిరిస్తే కామెర్లు, ఇన్‌ఫెక్షన్ వస్తాయి. పేగును తెచ్చి నాళానికి కలిపే పెద్ద శస్త్రచికిత్స అవసరం కావచ్చు.

ఆ రెండూ స్పష్టంగా కనిపించకపోతే సర్జన్ ఆగాలి. సంచిలో కొంత భాగాన్ని వదిలి మిగతాది తీయవచ్చు, లేదా పొట్ట తెరవవచ్చు. మీ అత్తగారిని భయపెట్టిన వాక్యం అదే కదా! నా దృష్టిలో ఆ కాగితం మొత్తంలో ఎక్కువ భరోసా ఇచ్చే వాక్యం కూడా అదే. ‘ఏ పరిస్థితిలో పొట్ట తెరుస్తారు?’ అని సర్జన్‌నే నేరుగా అడగండి. ఆవిడ పక్కన ఉండగానే అడగండి.

ప్రశ్న: మా నాన్నగారికి పెద్దపేగు కుడి భాగంలో క్యాన్సర్ గడ్డ ఉంది. రంధ్రాల పద్ధతిలో తీస్తామంటున్నారు. క్యాన్సర్ అయితే పొట్ట పూర్తిగా తెరిచి చూస్తేనే నయమని మా ఇంట్లో పెద్దలు అంటున్నారు. రోబోతో చేయిస్తే ఇంకా మేలా?
– ఒక పాఠకుడు

జవాబు: మీ పెద్దల అనుమానం ఒకప్పుడు సర్జన్లకూ ఉండేది. 1990ల తొలినాళ్లలో, పరికరాలు దూర్చిన రంధ్రాల దగ్గరే క్యాన్సర్ మళ్లీ మొలిచినట్లు కొన్ని కేసులు బయటపడడంతో చాలామంది వెనక్కి తగ్గారు. అనుమానాన్ని తేల్చుకోవడానికి 48 సంస్థలలో 872 మంది రోగులను రెండు వర్గాలుగా చేసి పరిశీలించారు. ఫలితాలు 2004లో వచ్చాయి. మూడేళ్లకు క్యాన్సర్ తిరగబెట్టినవారు లాపరోస్కోపీ వర్గంలో 16 శాతం, పొట్ట కోసిన వర్గంలో 18 శాతం. అంటే రెండూ సమానమనే లెక్క. గాయం దగ్గర మళ్లీ మొలవడం రెండింటిలోనూ ఒక శాతానికి లోపే. ఆసుపత్రిలో ఉండవలసిన కాలం ఆరు రోజుల నుంచి అయిదుకు తగ్గింది.

అయితే ఈ నమ్మకాన్ని అన్ని క్యాన్సర్లకూ వర్తింపజేయకూడదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో 2018 నాటి పరిశోధన, చిన్న రంధ్రాల పద్ధతిలో చేయించుకున్నవారే ఎక్కువ నష్టపోయారని తేల్చింది. ఏ అవయవానికి ఆ అవయవంలోనే పరీక్షించి చూడాలి.

రోబో చేయి సర్జన్ చేతికి పొడిగింపే తప్ప తానుగా ఆపరేషన్ చేయదు. పురీషనాళ (పెద్దపేగు చివరి భాగం) క్యాన్సర్‌లో 471 మందిపై జరిగిన పోలికలో, మధ్యలో పొట్ట తెరవవలసి వచ్చినవారు రోబో వర్గంలో 8.1 శాతం, మామూలు లాపరోస్కోపీలో 12.2 శాతం, ఆ తేడా కాకతాళీయం కాదని గణాంకపరంగా నిరూపణ కాలేదు. మీ నాన్నగారి విషయంలో రోబో కోసం ఆపరేషన్‌ను వాయిదా వేయవద్దు. గడ్డతో పాటు తీసే లింఫు గ్రంథులలో (క్యాన్సర్ పాకిందేమో వీటిలోనే చూస్తారు) కనీసం పన్నెండింటిని పరీక్షిస్తారా అని అడగడం అంతకన్నా ఉపయోగం.

ప్రశ్న: పేగు ఆపరేషన్ అయిన మా అక్కను డాక్టర్లు పూటపూటకూ ‘గ్యాస్ పోయిందా?’ అని అడుగుతున్నారు. ఆవిడ సిగ్గుతో చెప్పలేకపోతోంది. అంత ముఖ్యమా?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలా ముఖ్యం, సిగ్గుపడవద్దని చెప్పండి. పేగులను చేత్తో తాకి కదిపితే వాటి కండర పొరలో వాపు మొదలై, కదలిక కొంతసేపు ఆగిపోతుంది. మార్ఫిన్ వంటి మందులు ఆ మందకొడితనాన్ని పెంచుతాయి. చిన్నపేగు కొద్ది గంటల్లో తేరుకుంటుంది, జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు, పెద్దపేగుకు రెండు మూడు రోజులు పడుతుంది. పొట్ట మీద స్టెతస్కోప్ పెడితే వినిపించే గుడగుడలు చాలావరకు చిన్నపేగువే. చివరన ఉన్న పెద్దపేగు లేచిందని తెలిపేది గ్యాస్ పోవడమే.

చిన్న రంధ్రాల పద్ధతిలో పేగులను తాకడం తక్కువ కనుక ఈ స్తబ్ధత కొంత త్వరగా వీడుతుంది. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కెలెట్ 1990లలో మరో సంగతి చూపించారు: ముక్కులోంచి గొట్టం అలవాటుగా ఉంచేయకుండా, మార్ఫిన్ తగ్గించి, తొందరగా తినిపించి, ఆపరేషన్ నాడే మంచం దింపితే పేగు ఆపరేషన్ అయినవారు కొద్ది రోజుల్లోనే ఇంటికి వెళ్లగలరు. కాబట్టి మీ అక్కను నడిపించండి.

ఒక్క విషయంలో జాగ్రత్త. తేరుకుంటున్న మనిషికి మూడో రోజు తర్వాత పొట్ట మళ్లీ ఉబ్బడం, వాంతులు, జ్వరం, గుండె వేగంగా కొట్టుకోవడం మొదలైతే పేగు అతుకు దగ్గర లీకు ఏర్పడి ఉండవచ్చు. ఇంటికి వచ్చేసిన తర్వాత ఇలా జరిగినా, తెల్లవారే దాకా ఆగకుండా ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే తీసుకువెళ్లండి.